బిందుమాధవి మైలేజీ

"నేను తోలితే ఇరవై నాలుగు ఇస్తుంది. బిందు తోలితే పదిహేడు దాటదు. బండి తప్పేం లేదు, తోలే కాలుదే తప్పు," అన్నాడు నిశాంత్. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు.

ట్రాయ్‌లో వెంకటేశ్వర్లుగారింట్లో దీపావళి భోజనాలవి. వచ్చినవాళ్లలో సగంమంది కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలు చేసే కంపెనీల్లోనో పనిచేసేవాళ్లే. మాటలు ఎక్కడ మొదలైనా చివరికి బండ్ల మీదికి వచ్చి ఆగుతాయి. బిందుమాధవి భర్త నిశాంత్ కార్ల గేర్ల వ్యవస్థ చూసే ట్రాన్స్‌మిషన్ ఇంజనీరు. ఏ బండి గ్యాలన్‌కి ఎన్ని మైళ్లు పోతుందో అతను చెబితే ఎదురు చెప్పేవాళ్లుండరు. బిందుమాధవి కూడా అందరితోపాటు నవ్వేసింది. చేతిలో ఉన్న పులిహోర గిన్నె టేబుల్ మీద పెట్టి, గరిటె కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లి, అక్కడ కాసేపు ఊరికే నిలబడింది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తమ ఇంటికి తిరిగి వస్తుంటే నిశాంతే ఆ మాట మళ్లీ ఎత్తాడు.

"నవ్వులకన్నాన్లే. కానీ బిందూ, వేసవికల్లా దీన్ని ఇచ్చేసి హైబ్రిడ్ తీసుకుందాం. ఇంత పెద్ద బండి మనకెందుకు?"

"ఆలోచిద్దాం," అంది ఆమె.

ఆ బండిని ఆమే ఎంచుకుంది. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిన ఏడాది, ఎవరి సలహా అడక్కుండా, మూడు వరసల సీట్లున్న ఆ నీలం ఎస్‌యూవీని తన పేరు మీద తీసుకుంది. మంచులో ధైర్యంగా ఉంటుంది. కూతురు మేధ సెలో వాయిద్యం, ఈత సామాను, మడత కుర్చీలు, నెల సరుకులు, అన్నీ పడతాయి. అలాంటి బండిని తన కాలు బాగాలేదన్న కారణంతో వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు. నిజంగానే తన కాలు బాగాలేదా అన్న సంగతీ తేలాలి. రక్తం చూడకుండా రోగం పేరు చెప్పడం ల్యాబ్‌లో ఎవరూ ఒప్పుకోరు. ఎండలు వచ్చేలోపు దీన్ని ఇరవైకి తెస్తాను అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆదివారం ఇంటి ముందు బండి చుట్టూ తిరిగి చూసింది. మొదట కనబడింది పైన ఉన్న పెట్టె. ఆగస్టులో టెనెస్సీ కొండలకు వెళ్లినప్పుడు సామాన్ల కోసం బిగించారు. అప్పటినుంచీ ఖాళీగా అలాగే ఉంది, రోజూ గాలికి అడ్డుపడుతూ.

"మేధా, కిందికి రా. ఈ పెట్టె దించాలి."

పద్నాలుగేళ్ల మేధ ఇయర్‌ఫోన్లు తీసి, తల్లిని వింతగా చూసింది. "ఇప్పుడా? నాన్న చేస్తారు కదా?"

"మనమే చేద్దాం. ఆ పక్క పట్టుకో."

ఇద్దరూ స్టూళ్లెక్కి, మరలు విప్పి, పడిపోకుండా దించేసరికి చేతులు లాగేశాయి. తర్వాత వెనక భాగం ఖాళీ చేశారు. పోయినేడాది మంచు మీద చల్లడానికి కొన్న ఉప్పు మూటలు, మడత కుర్చీలు, ఎవరికో ఇవ్వాల్సిన బియ్యం బస్తా, మేధ వదిలేసిన రోలర్ స్కేట్లు. అన్నీ తీసేశాక బండి వెనక ఒక అంగుళం పైకి లేచినట్టనిపించింది బిందుకి. అలా ఏమీ లేవలేదని తెలుసు. అయినా బాగుంది.

పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి టైర్లలో గాలి చూస్తే నాలుగూ తక్కువే. డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచున ఎంత గాలి ఉండాలో చీటీ అతికించి ఉంది. ఇన్నేళ్లుగా ఆ తలుపు తీసి మూస్తున్నా ఆ చీటీ ఒక్కసారీ చదవలేదు. చలికి గాలి కుంచించుకుపోతుందనీ, మెత్తబడ్డ టైరుని దొర్లించడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడుతుందనీ ఆమె కాలేజీలో చదువుకున్నదే. చదువుకున్నది టైరు దాకా రాలేదంతే.

ఆ వారం చివర, స్టీరింగ్ వెనక మైలేజీ చూపించే తెర మీద పద్దెనిమిది కనబడింది. కాలు జోలికి ఇంకా పోలేదు.

కాలు సంగతి అంత తేలిగ్గా లొంగలేదు. తను ఎలా తోలుతుందో తనే గమనించడం మొదలుపెట్టాక బిందుకి సిగ్గేసింది. ట్వెల్వ్ మైల్ రోడ్ మీద ఎర్రలైటు అంత దూరాన కనిపిస్తూనే ఉంటుంది. కాలు మాత్రం గ్యాస్ పెడల్ మీదే. దగ్గరికి వెళ్లి గట్టిగా బ్రేకు. పచ్చ పడగానే ముందున్నవాళ్లని తరుముతున్నట్టు ఒక్క ఊపు. మళ్లీ ఇంకో లైటు, మళ్లీ బ్రేకు. కాల్చిన గ్యాసంతా బ్రేకుల దగ్గర వేడిగా మార్చి పారబోస్తోంది. పొద్దున్నే వంటింట్లోంచి రిమోట్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేసి, దోసెలు అయ్యేదాకా దాన్ని అలా మండనిచ్చేది. స్కూల్ దగ్గర పిల్లల్ని ఎక్కించుకునే పికప్ లైన్లోనూ ఇంజన్ ఆపేది కాదు. బండి కదలకుండా ఉన్నంతసేపూ మైలేజీ సున్నా. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కర్లేదు.

రిమోట్ నొక్కడం మానేసింది. అద్దాల మీద మంచు గీకేసి, ఎక్కగానే బయల్దేరి, మొదటి రెండు వీధులూ నెమ్మదిగా పోనిచ్చేది. స్కూల్ లైన్లో ఇంజన్ ఆపేసేది. దూరంగా ఎర్రలైటు కనబడితే అప్పుడే కాలు తీసేసి, బండిని దాని ఊపుకి వదిలేది. ఒక్కోసారి లైటు చేరేలోపే పచ్చ పడేది. ఆగే పనే ఉండేది కాదు. అలా జరిగినప్పుడు లోపల చిన్నపిల్లలా సంబరపడేది.

ఆ సంబరమే ఒకరోజు హద్దు దాటింది. డిసెంబరులో ఒక సాయంత్రం, మేధని ఈత క్లాసుకి తీసుకెళ్తూ నలభై ఐదు మైళ్ల వేగంతో పోవాల్సిన రోడ్డు మీద ముప్ఫైలో పోనిస్తోంది. తెర మీద అంకె పెరుగుతుంటే కళ్లు దాని మీదే ఉన్నాయి. చలికి మేధ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. గ్యాస్ మిగులుతుందని బిందు హీటర్ ఆపేసింది.

"అమ్మా, అందరూ మనల్ని పాస్ చేస్తున్నారు. సో ఎంబరాసింగ్."

"పోనీలే, వాళ్లకేం తొందరో."

"నాకూ తొందరే. కోచ్ అరుస్తాడు. అండ్ ఐయామ్ ఫ్రీజింగ్."

వెనక ఒక పికప్ ట్రక్కు హారన్ మోగిస్తూ పక్క లైన్లోకి దూసుకొచ్చి, వాళ్ల ముందు సర్రున తిరిగింది. బిందు గట్టిగా బ్రేకు తొక్కింది. బండి మంచు మీద కొంచెం జారి, సర్దుకుంది. ఇద్దరికీ ఏం కాలేదు. పార్కింగ్ లాట్‌లో ఆగగానే బిందు హీటర్ వేసింది.

"సారీ రా," అంది.

మేధ సంచి తీసుకుని దిగి, తలుపు వేసేముందు ఆగింది. "అమ్మా, నంబర్ చూడకు. రోడ్ చూడు."

ఆ రాత్రి భోజనాల దగ్గర హీటర్ మాట వచ్చింది. మేధే చెప్పేసింది.

నిశాంత్ నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగాడు. "హీటర్ ఆపితే ఏం మిగలదు బిందూ. ఇంజన్ ఎలాగూ బయటికి పారేసే వేడినే అది లోపలికి పంపుతుంది. వేసవిలో ఏసీ సంగతి వేరు. అయినా నువ్వు ఇదంతా ఎందుకు చేస్తున్నావు?"

"ఎందుకో తర్వాత చెబుతాను. హీటర్ గురించి చెప్పారు, థాంక్స్."

ఆ రోజునుంచీ తెర మీది అంకెని బండి ఆపాక మాత్రమే చూడాలని నియమం పెట్టుకుంది. వెనకవాళ్లకి అడ్డుగా ఉండేంత నెమ్మది పనికిరాదనుకుంది. నలుగురితో సమానంగా పోతూనే మెత్తగా పోవాలి. నెమ్మదికన్నా మెత్తన కష్టమని తొందరలోనే తెలిసింది.

జనవరి వచ్చి అంతా నేలకేసి కొట్టింది. చలి సున్నా కిందికి పోయింది. ఇంజన్ వేడెక్కేలోపే స్కూలు వచ్చేస్తుంది. మళ్లీ వేడెక్కేలోపే హాస్పిటల్. అంకె మెల్లగా దిగి, మళ్లీ పదిహేడు దగ్గర కూర్చుంది. ఒక సాయంత్రం ఇంటి ముందు ఇంజన్ ఆపేసి ఆ పదిహేడు వైపు చూస్తూ, ఇంట్లోకి వెళ్లకుండా అలాగే ఉండిపోయింది. ఇంత చేసీ మొదటికే వచ్చాను, ఇచ్చేద్దాం ఈ బండి అనిపించింది.

అయితే అదే బండి ఆదివారాల్లో నిశాంత్ చేతిలో ఇరవై రెండు చూపిస్తోంది, అంత చలిలోనూ. అతను తీసుకెళ్లేది ఎక్కడికి? లైట్లూ ఆగడాలూ లేని ఫ్రీవే మీద ట్రాయ్‌కి, ఫ్రీవే మీద కాంటన్ గుడికి. ఒకసారి వేడెక్కితే దిగేదాకా ఒకే వేగం. తన దారులు అలాంటివి కావు. అన్నీ ముక్కలు. అప్పుడు తట్టింది ఆమెకి, ముక్కల్ని అతకాలని. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చి, టీ తాగి, ఇంజన్ చల్లారాక మళ్లీ సరుకులకీ లైబ్రరీకీ బయల్దేరడం మానేసింది. డ్యూటీ అవగానే, ఇంజన్ వేడి మీదుండగానే అన్ని పనులూ వరసగా చక్కబెట్టుకుని ఒకేసారి ఇల్లు చేరేది. టీ ఆలస్యమయ్యేది. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఫ్లాస్కులో పోసుకెళ్లడం అలవాటు చేసుకుంది.

ఫిబ్రవరిలో అత్తగారు రాజేశ్వరమ్మని కంటి డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. మామగారు పోయాక చీరాల నుంచి వచ్చేసి వీళ్లతోనే ఉంటోందావిడ. డెబ్భై దాటినా పని చేస్తుంది, పేపరు చదువుతుంది, మేధతో చెస్ ఆడుతుంది. బయటికి మాత్రం రాదు. గుడికి రమ్మన్నా, ఎవరింటికన్నా రమ్మన్నా "నాకు ఇల్లు కదలబుద్ధి కాదమ్మా, మీరెళ్లిరండి" అనేది. తప్పనిసరై ఎక్కితే ఒక నిమ్మకాయ చేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. పూజో జపమో చేసుకుంటోందనుకునేది బిందు. ఇక్కడి జీవితం ఆవిడకి నచ్చలేదేమో అని కూడా అనుకుంది చాలాసార్లు.

ఆ రోజు పక్క ఊరు నోవై దాకా వెళ్లి, డాక్టరుకి చూపించుకుని తిరిగి వస్తుంటే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నిమ్మకాయ ఒళ్లో ఉంది.

"అమ్మాయ్, అదేంటే, చెరువు మీద మనుషులు కూర్చున్నారు!"

వాల్డ్ లేక్ అనే ఆ చెరువు గడ్డకట్టి తెల్లగా మెరుస్తోంది. మంచు మీద చిన్న చిన్న గుడారాలు. బకెట్లు తిరగేసుకుని, వాటి మీద కూర్చుని మంచుకి రంధ్రం చేసి చేపలు పడుతున్నారు జనం.

"చేపలు పడుతున్నారు అత్తయ్యా. ఏటా ఇంతే."

"నీకు తొందర లేకపోతే ఆ పక్కగా పోనిస్తావా? చూద్దాం."

ఇన్నేళ్లలో అత్తగారు ఒక చోటికి పోదామని తనంతట తాను అడగడం ఇదే మొదటిసారి. బిందు బండి ఒడ్డుకి తిప్పి, ఇంజన్ ఆపింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. ఒకాయన జానెడు చేపని పైకి లాగి, వీళ్లవైపు తిప్పి చూపించాడు. రాజేశ్వరమ్మ చెయ్యి ఊపింది.

"చలికి ఒణికిపోతూ ఈ పనేంటో! మా చీరాల వాళ్లు చూస్తే నవ్విపోతారు," అని, ఒళ్లో నిమ్మకాయని పక్కన పెట్టి, "ఈమధ్య నీ బండిలో నాకు కడుపులో తిప్పడం లేదే," అంది.

"తిప్పడమేంటి?"

"ఎక్కితే చాలు తల తిరిగేది. దిగేసరికి నోట్లో నీళ్లూరేవి. ఆ నిమ్మకాయ వాసన చూసుకుంటూ ప్రాణాలు ఉగ్గబట్టుకునేదాన్ని. ఇవాళ వెళ్లేటప్పుడూ రాలేదు, వచ్చేటప్పుడూ రాలేదు. బండికేమన్నా చేయించావా?"

బిందుకి తన పాత తోలడం గుర్తొచ్చింది. ఒక్క ఊపు, ఒక్క బ్రేకు, మళ్లీ ఒక్క ఊపు. ఇన్నేళ్లూ ఆవిడ వెనక సీట్లో దాన్ని మింగుకుని కూర్చుంది.

"ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఏం చెప్పను? పిల్లతోటీ ఉద్యోగంతోటీ నువ్వు పరుగులు పెడుతుంటే, నీ డ్రైవింగు నాకు పడటం లేదని చెప్పమంటావా? ఇంట్లో కూర్చుంటే సరిపోయె."

బిందు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తల దించుకుంది. రాజేశ్వరమ్మ ఆమె భుజం తట్టింది. "ఊరుకో. పద, కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. ఇక నాకు కనబడి చావదు."

ఆ వారం నుంచీ ఆవిడ బయటికి రావడం మొదలైంది. గురువారాలు లైబ్రరీలో పెద్దవాళ్లంతా అల్లికలకి కలుస్తారు. బిందు ఆవిడని అక్కడ దించి సరుకులు తెచ్చుకునేది. మొదటిరోజు ఒంటరిగా కూర్చున్న ఆవిడ, మూడోసారికి ఒక పోలిష్ ముసలమ్మకి క్రోషే ముడి నేర్పుతూ కనబడింది.

మార్చిలో మంచు కరిగింది. నెలాఖరున, స్కూల్ లైన్లో ఇంజన్ ఆపబోతూ బిందు తెర చూసింది. ఇరవైన్నర. ఆ రోజే నిశాంత్‌కి విషయమంతా చెప్పింది.

"మీరు నా కాలిది తప్పన్నారు. కొంత నిజమే, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఒక్క వారం నా రూటు మీరు తోలండి. నేను మీ కారు తీసుకుంటాను. స్కూలు, ఈత, సరుకులు, అత్తయ్య లైబ్రరీ, అన్నీ మీవే."

"చాలెంజా?"

"చాలెంజే."

నిశాంత్ ఆ వారం ఇంటినుంచి పనిచేస్తానని ఆఫీసులో చెప్పి, హుషారుగా తాళాలు తీసుకున్నాడు. మంగళవారానికి హుషారు తగ్గింది. మీటింగ్ ముగించి పరుగెత్తడం, స్కూల్ లైన్లో ఫోన్ మాట్లాడుతూ ఇంజన్ మండించడం, మరిచిపోయిన పెరుగు కోసం మళ్లీ వెళ్లడం. గురువారం తల్లిని లైబ్రరీకి తీసుకెళ్తూ ఆర్చర్డ్ లేక్ రోడ్ మీద లైటు పడేలోపు దాటేద్దామని ఊపందుకుని, దాటలేక గట్టిగా ఆపాడు. మళ్లీ అందుకున్నాడు. మూడో లైటుకి వెనకనుంచి సన్నటి గొంతు వచ్చింది.

"ఒరే నాన్నా, పక్కకి ఆపరా."

గబగబా ఒక ఫార్మసీ పార్కింగ్‌లోకి తిప్పాడు. రాజేశ్వరమ్మ దిగి, గడ్డి పక్కన వంగి పొద్దున తిన్న ఉప్మా కక్కేసింది. నీళ్ల సీసా ఇచ్చి, వీపు రాస్తూ నిలబడ్డాడు నిశాంత్.

"ఏమైందమ్మా? డాక్టరు దగ్గరికి పోదామా?"

"డాక్టరెందుకు? నువ్వు తోలడం ఆపితే చాలు. బిందుతో వస్తే నాకేం అవ్వదు."

శుక్రవారం సాయంత్రం బిందు ఇంటికొచ్చేసరికి అతను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"పదహారు."

ఆమె సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక్క ట్రిప్పూ ఆరు మైళ్లు లేదు బిందూ. వేడెక్కేలోపే ఆగిపోతోంది. నా ఇరవై నాలుగు, నీ పదిహేడు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆఫీసులో ఎవడన్నా అలాంటి టెస్ట్ తెస్తే నేనే వెనక్కి కొడతాను." కత్తి పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. ఉల్లిపాయలకి కళ్లు ఎర్రబడ్డాయి. "అందరి ముందు అలా అనాల్సింది కాదు. చెప్పు, దీంట్లో ఇరవైన్నర ఎలా తెచ్చావు?"

అతను నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాడని ఆమెకి అర్థమైంది. చెప్పింది. పైపెట్టె, టైర్లు, ముక్కలు అతకడం, దూరం చూసి కాలు తీయడం. హీటర్ ఆపి బిడ్డని చలికి వణికించిన సంగతి కూడా దాచలేదు. అతను మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి వంట ముగించారు. బండి ఇచ్చేద్దామన్న మాట ఆ తర్వాత ఆ ఇంట్లో రాలేదు.

జులైలో మేధ డ్రైవింగ్ స్కూల్ మొదటి కోర్సు పూర్తి చేసి, ఇక్కడ ఆ వయసు పిల్లలకిచ్చే లెర్నర్ లైసెన్సు తెచ్చుకుంది. పెద్దవాళ్లు పక్కన ఉంటేనే తోలాలి. ఎవరు నేర్పాలన్న ప్రశ్నే రాదనుకుని నిశాంత్ ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుని సిద్ధమయ్యాడు.

"సారీ నాన్నా. అమ్మతో," అంది మేధ.

సెలవులకి ఖాళీగా ఉన్న హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో మేధ డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దాలు సర్దుకుంది. పక్క సీట్లో బిందు. ఎంత చెప్పినా వినకుండా వెనక సీట్లో రాజేశ్వరమ్మ.

"అత్తయ్యా, ఈ బండి మీద మొదటిరోజు. కుదుపులు తప్పవు. దిగి ఆ చెట్టు నీడన కూర్చోండి."

"దిగను. మన బండి మీద దాని మొదటి డ్రైవింగు నేను చూడొద్దూ? పోనీయవే మేధా."

మేధ బ్రేకు మీంచి కాలు తీసి గ్యాస్ మీద పెట్టింది. నీలం బండి ఒక్కసారిగా ముందుకి దూకింది. భయపడి బ్రేకు తొక్కింది. ముగ్గురూ ముందుకి ఊగి వెనక్కి పడ్డారు.

"ఓ మై గాడ్. సారీ నానమ్మా! ఆర్ యూ ఓకే?"

"నాకేం కాలేదు. మళ్లీ పోనియ్యి."

"కాలి కింద కోడిగుడ్డు ఉందనుకో," అంది బిందు. "పగలకూడదు. కళ్లు అదిగో, ఆ చివరున్న స్తంభం మీద పెట్టు. కాలు సంగతి కాలే చూసుకుంటుంది."

మేధ గట్టిగా ఊపిరి పీల్చుకుని, పెదవి కొరుక్కుంటూ, కాలు మళ్లీ గ్యాస్ మీద ఆనించింది. ఈసారి బండి మెల్లగా కదిలింది.